మూడు మీటలు నొక్కితే

ఇల్లు,
జూన్ 4

ఒరేయ్ పీచూ,

నీ పార్సిలు అందింది. తెచ్చినతను "జాగ్రత్తండీ, పగిలే సామాను అని రాశారు" అన్నాడు. రాసింది నువ్వే కాబోలు. నీ పాత లాప్‌టాప్ మీద ఉన్న జాగ్రత్త నా కీబోర్డు మీద ఉండి ఉంటే ఈ ఉత్తరం రాసే పనే పడేది కాదు.

ఫోన్ చెయ్యక ఉత్తరమేమిటంటావా? ఫోన్‌లో నేను అరుస్తాను, నువ్వు "సిగ్నల్ లేదక్కా" అని పెట్టేస్తావు. కాగితంతో ఆ వేషాలు కుదరవు. చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

పదిహేడేళ్ళు వాయించిన కీబోర్డురా అది. మన నాటక సమాజం వేసిన ప్రతి నాటకానికీ దాని మీదే చేశాను సంగీతం. నీ చేతుల్లోంచి జారి స్టేజీ మీంచి కింద పడింది. రిపేరు చేసే ఆయన మూత తీసి చూసి, ఎవరో పోయినప్పుడు చెప్పినట్టు గొంతు తగ్గించి, "లోపల బోర్డే విరిగిందమ్మా" అన్నాడు. నాలుగో రోజుకల్లా నువ్వు ఉద్యోగమంటూ ఊరు దాటావు. ఆ సంగతి నాకు చెప్పిందెవరు? మన దర్శకుడు! "మీ తమ్ముడికి రికార్డింగ్ స్టూడియోలో పని దొరికిందటగా" అంటే "అవునండీ" అన్నాను. ముందే తెలిసినట్టు మొహం పెట్టడానికి నేను పడ్డ పాట్లు నీకేం తెలుసు.

ఇప్పుడు కొత్త నాటకం. భర్త కేసులో తీర్పు కోసం కోర్టు వరండాలో కూర్చున్న ఆవిడ కథ. మధ్యలో ఏడు నిమిషాలపాటు ఎవరూ మాట్లాడరు, ఆవిడ బెంచీ మీద కూర్చునే ఉంటుంది. ఆ ఏడు నిమిషాలూ సంగీతమే మొయ్యాలి. సెప్టెంబరు మొదటి శనివారం ప్రదర్శన. నా చేతిలో ఏముంది? ఓ లాప్‌టాప్, రెండు జానల మీటల పలక, "ఇందులో సింథసైజర్లన్నీ ఫ్రీ అక్కా, వాయించి చూడు" అని ఓ చీటీ.

ఫ్రీయట! మనిషి వాద్యం పోగొట్టి, ఊరికే దొరికేవాటి జాబితా పంపితే చెల్లుకి చెల్లా?

అక్క


స్టూడియో, వెనక గది,
జూన్ 13

అక్కకి,

ఉత్తరం చివరిదాకా చదివాను. చచ్చినట్టే.

ఆ జాబితా నేను పడేసింది కాదు, ఏరింది. వాటిని ప్లగిన్లంటారు. పాట రికార్డు చేసే ప్రోగ్రాములో ఒక్కోదాన్నీ తగిలిస్తే కంప్యూటరే సింథసైజరైపోతుంది. మీటల పలక నొక్కుతావు, శబ్దం లాప్‌టాప్‌లో పుడుతుంది. పదకొండు పెట్టాను. నేను ఇక్కడ వాడేవి కూడా వాటిలో ఉన్నాయి. ఎవరెవరో కూర్చుని తయారుచేసి ఊరికే ఇచ్చేశారు. ఊరికే ఇచ్చారు కాబట్టి పనికిమాలినవని తీర్మానించకు. వాయించి తిట్టు.

ఒకటి మాత్రం చెప్తాను. కీబోర్డు నా చేతుల్లోంచి జారిన మాట నిజమే. ఎందుకు జారిందో కూడా నీకు తెలుసు.

ఇక్కడ పని బాగానే ఉంది. సినిమాల నేపథ్య సంగీతం అదీ చేస్తుంటాం.

తమ్ముడు


ఇల్లు,
జూన్ 27

పీచూ,

వాయించాను. ఇప్పుడు తిడతాను.

పొద్దున్న ఆరింటికి లేచి, కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి వెళ్ళేలోగా రెండు గంటలు దీని ముందు కూర్చుంటున్నాను. మొదటిది తెరిస్తే విమానం నడిపేవాడి ముందుండే బల్లలా ఉంది. నూట నలభై గుండ్రని బిళ్ళలు, లెక్కపెట్టాను. ఒకటి తిప్పితే మూలిగింది, ఇంకోటి తిప్పితే నోరు మూసుకుంది. మళ్ళీ మాట్లాడించడానికి మూడు పొద్దులు పట్టింది.

రెండోది నా ఈమెయిల్ అడిగింది. ఇచ్చాను. పుట్టిన తేదీ అడిగింది. సంగీతానికీ నా వయసుకీ ఏం సంబంధమే అని తెరనే అడిగాను. మూడోదానిలో సగం బిళ్ళలకి తాళాలు. నొక్కితే "పూర్తి వెర్షన్‌లో లభ్యం" అంటుంది. ఇంటికి పిలిచి గుమ్మంలో నిలబెట్టినట్టుంది. నాలుగోది నిమిషానికోసారి బుస్సుమంటుంది. చెడిపోయిందనుకుని పొద్దంతా వెతికాను. చెడిపోలేదట, అది కొనమని చెప్పే పద్ధతట! ఐదోది ప్రోగ్రాముతో సహా కుప్పకూలింది, దాంతోపాటు నేను చేసిన నాలుగు నిమిషాల బాణీ పోయింది. సేవ్ చెయ్యలేదు. చెయ్యాలని నువ్వు చెప్పలేదు.

ఆరోదానిలో శబ్దాలకి పేర్లున్నాయి. "గాజు సముద్రం"ట. "నీలి యంత్రపు నిద్ర"ట. నొక్కితే సైకిలు గంట.

అన్నిటికంటే ఒళ్ళు మండేది ఇంకోటుంది. మీట నొక్కాక శబ్దం ఓ క్షణం ఆగి వస్తోంది. వాయిస్తున్నట్టు లేదురా, ఎవరితోనో మాట్లాడితే వాళ్ళు ఆలోచించుకుని జవాబు చెప్తున్నట్టుంది. నాకా ఓపిక లేదు. అందరికంటే నీకే బాగా తెలుసు.

నిన్న దర్శకుడు "ఏమైనా కుదిరిందామ్మా?" అన్నాడు. "కుదురుతోందండీ" అన్నాను. నీ మూలంగా అబద్ధాలు కూడా అలవాటవుతున్నాయి.

ఎందుకు జారిందో తెలుసంటావా? తెలీదు. చెప్పు.

అక్క


స్టూడియో,
జులై 5

అక్కకి,

శబ్దం ఆలస్యమవడానికి మందుంది. సెట్టింగుల్లో బఫర్ అని ఉంటుంది, అక్కడ అంకె వెయ్యి పైన ఉండి ఉంటుంది. నూట ఇరవై ఎనిమిదికి తగ్గించు. మీట నొక్కగానే పలుకుతుంది. తాళాలవీ, బుస్సుమనేదీ తీసి పారెయ్యి. వాటిని పెట్టడం నా పొరపాటే.

సేవ్ చెయ్యాలని కూడా చెప్పాలా?

తొమ్మిదోదానిలో శబ్దాలు బాగుంటాయి, చూడు. పదకొండోది ఇప్పుడే తెరవకు. దానిలో తయారుగా ఏమీ ఉండవు, అంతా మనమే చేసుకోవాలి. నీకు విసుగొస్తుంది.

జారిన సంగతి వదిలెయ్యి. పని ఎక్కువగా ఉంది.

తమ్ముడు


ఇల్లు,
జులై 21

ఒరేయ్ బంగారం,

కోపంలేని ఉత్తరం ఎలా మొదలెట్టాలో మర్చిపోయాను. దొరికింది!

తొమ్మిదోదానిలో నలభై రెండో శబ్దం. మూడు మీటలు కలిపి పట్టుకుంటే చాలు, స్వరాలు వాటంతటవే ఒకదాని వెనక ఒకటి బయల్దేరతాయి. పరుగు యంత్రానిదే, ఒప్పుకుంటాను. కానీ ఐదో స్వరం దగ్గర నా వేలు కాస్త వెనకబడింది. అక్కడ కుంటింది చూడు, ప్రాణం లేచొచ్చింది! కోర్టు గుమాస్తా పేరు పిలుస్తాడేమోనని లేవబోయి మళ్ళీ కూర్చునే మనిషి నడక అది. ఏ యంత్రానికీ ఆ కుంటు రాదు. అది నా చేతిది.

నాలుగు పొద్దుల్లో ఏడు నిమిషాలూ అల్లేశాను. రికార్డు చేసి పంపుతున్నాను. సేవ్ కూడా చేశాను, మూడుచోట్ల. ఎలా ఉందో వెంటనే రాయి. నిజం రాయి.

దుకాణంలో ఒకావిడకి అద్దాలు బిగిస్తూ అదే కూనిరాగం తీస్తున్నానట. "ఏం పాటండీ?" అంది. "నాదే" అన్నాను. ఆ మాట అని ఎన్నేళ్ళయిందో.

అక్క


స్టూడియో,
ఆగస్టు 1

అక్కకి,

విన్నాను. బాగుంది.

పదకొండోది కూడా ఓసారి తెరిచి చూడు. ఇంకా నెలుంది కదా.

తమ్ముడు


రిహార్సల్ హాలు,
ఆగస్టు 10

నీకు,

సంబోధన దొరకడంలేదు. దొరికినవి కాగితం మీద పెట్టేవి కావు.

నిన్న సాయంత్రం అందరి ముందూ వినిపించాను. నటి బెంచీ మీద కూర్చుంది, నేను వాయించాను. అయ్యాక దర్శకుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పుడు లైట్లు వేసే ఆయన నిచ్చెన మీంచి, "ఇది ఆ గోడ రంగుల ప్రకటనలో వచ్చేదే కదండీ?" అన్నాడు.

"కాదు, నేను చేశాను" అన్నాను.

ఆయన దిగొచ్చాడు. ఫోన్ తీసి ఆ ప్రకటన పెట్టాడు. నన్ను చిన్నబుచ్చాలని కాదు పాపం, నిజంగానే అనుమానమొచ్చి. ఒకడు గోడకి రంగు వేస్తుంటాడు, పిల్ల గంతులేస్తుంది, వెనక నా బాణీ. అవే స్వరాలు, అదే పరుగు. ఐదో స్వరం దగ్గర అదే కుంటు. పదిహేను మంది నా మొహంకేసి చూశారురా. కాదు, చూడలేదు. అందరూ పక్కకి చూశారు. అది ఇంకా అధ్వాన్నం.

"పోనీ, ఎక్కడో విని మనసులో ఉండిపోయి ఉంటుంది, అలా జరుగుతుంటుందమ్మా" అన్నాడు దర్శకుడు. ఇరవై ఏళ్ళలో ఒక్క ముక్క ఎవరిదీ ఎత్తుకోని నాతో అన్నాడా మాట. దొంగ అన్నా బాగుండేది.

నా ఫైలు నీకు తప్ప ఇంకెవరికీ పంపలేదు. నువ్వున్నది స్టూడియోలో. ఇంక నేను చెప్పక్కర్లేదు. కీబోర్డు విరిచావు, ఊరుకున్నాను. చెప్పకుండా పోయావు, ఊరుకున్నాను. నా బాణీ తీసుకెళ్ళి గోడకి పూశావు. "బాగుంది" అని ఒక్క ముక్క రాసినప్పుడే అనుమానం రావాల్సింది నాకు.

అక్కనని సంతకం పెట్టను.


స్టూడియో,
ఆగస్టు 15

అక్కకి,

నువ్వు పెట్టకపోయినా అక్కవే. అదే నా ఖర్మ.

ఆ ప్రకటన టీవీలో మే నెల నుంచీ వస్తోంది. నువ్వు ఫైలు పంపింది జులైలో. నా మీద నేరం మోపేముందు ఆ రెండు నెలల పేర్లూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చుగా? చూసుకోవు. ముందు అనడం, తర్వాత చూడటం, మొదట్నుంచీ నీ పద్ధతంతే.

ఇప్పుడు లాప్‌టాప్ తెరువు. తొమ్మిదోది, నలభై రెండో శబ్దం. ఏ మూడు మీటలైనా పట్టుకుని కదలకుండా ఉండు. వేలు వెనకబడనివ్వకు, ముందుకి పోనివ్వకు. విను. ఐదో స్వరం దగ్గర కుంటుతుంది. ఎప్పుడు నొక్కినా, ఎవరు నొక్కినా కుంటుతుంది. తయారుచేసినవాడు దాన్ని అలాగే పెట్టాడు. ఊరికే దొరికే శబ్దమక్కా అది, ప్రపంచంలో ఎంతమంది పట్టుకున్నారో ఆ మూడు మీటలు. నువ్వు ఎవరిదీ దొంగిలించలేదు. నీది ఎవరూ దొంగిలించలేదు. దొంగిలించడానికి అందులో నీదేమీ లేదు. ఆ కుంటు కూడా నీది కాదు.

ఇలా రాయాల్సొస్తుందనే అప్పుడు రాయలేదు. "నాదే" అన్నానని రాశావు. ఆ మాట చదివాక ఎలా రాయమంటావు?

జారిన సంగతి చెప్పమన్నావుగా. చెప్తాను. నేను కీబోర్డు ఎత్తి పట్టుకుని స్టేజీ అంచున ఉన్నాను. నువ్వు కింద నుంచి వైరు లాగావు, తొందరగా తెమలలేదని. అది పడింది. అప్పుడు అందరి ముందూ ఏమన్నావో గుర్తుందా? "మొయ్యడం తప్ప నీకేం చేతనవునురా, అదీ చేతకాలేదు" అన్నావు. పన్నెండేళ్ళు నీ పక్కన నిలబడ్డాను. ఆ మాటతో బయటికొచ్చాను. చెప్పి ఎందుకు రావాలి? మోసేవాళ్ళు చెప్పి వెళ్తారా?

తమ్ముడు


ఇల్లు,
ఆగస్టు 19

పీచూ,

మూడు మీటలు పట్టుకున్నాను. కుంటింది. వేరే మూడు పట్టుకున్నాను. కుంటింది. మీటల మీద నిఘంటువు బరువు పెట్టి వెళ్ళి టీ కాచుకొచ్చాను. నేను లేకుండానే ఆవిడ వరండాలో లేస్తోంది, కూర్చుంటోంది. టీ తాగుతూ నా సంగీతం నేను విన్నాను.

లైట్ల ఆయన దగ్గరికెళ్ళి, "మీరన్నది నిజమే" అని చెప్పాను. ఆయన నాకంటే ఎక్కువ సిగ్గుపడ్డాడు.

వైరు నేనే లాగాను. ఆ మాటా నేనే అన్నాను. మర్చిపోలేదు. మర్చిపోయినట్టు రాస్తే నువ్వూ మర్చిపోతావనుకున్నాను. అనకూడని మాటరా అది. నీ దగ్గర నిలబడి చెప్పాల్సిన మాట ఇది, కాగితం మీద చెప్తున్నందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

కానీ నీ మీద కోపం తగ్గిందనుకోకు. మూడు వారాలు ఊరుకుని నువ్వు నన్ను ఆ హాల్లోకి నడిచి వెళ్ళనిచ్చావు. తెలిసీ. నిజం రాయమని అడిగాను. నేను విరగ్గొట్టింది నోటితో. నువ్వు నోరు మూసుకుని విరగ్గొట్టావు. ఏది నయమో నువ్వే చెప్పు.

ఇంకోటి. ప్రకటన టీవీలో మే నుంచి వస్తోందని అంత కచ్చితంగా నీకెలా తెలుసు? ఏప్రిల్ చివర్లో నువ్వు ఉద్యోగంలో చేరావు.

ఇప్పుడు నేను నెలల పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

అక్క


స్టూడియో, వెనక గది,
ఆగస్టు 23

అక్కా,

నేనే చేశాను.

సినిమాల నేపథ్య సంగీతమని రాసింది అబద్ధం. ఇక్కడ ప్రకటనలే చేస్తాం. చేరిన మూడో రోజు యజమాని వచ్చి, రంగుల కంపెనీవాళ్ళు సాయంత్రానికి కావాలన్నారు, ఏదో ఒకటి కొట్టు అన్నాడు. తొమ్మిదోది తెరిచాను. నలభై రెండోది దొరికింది. మూడు మీటలు పట్టుకున్నాను, ఇరవై నిమిషాల్లో అయిపోయింది. యజమాని వీపు తట్టాడు. ఆ రోజు గర్వపడ్డాను కూడా. చూశావా అక్కా, నాకూ చేతనవును అనుకున్నాను. ఆ తర్వాత టీవీలో వచ్చినప్పుడల్లా గది బయటికెళ్ళిపోయేవాణ్ణి. నాకు తెలుసుగా అందులో నాదెంతో.

నీ ఫైలు తెరిచి మొదటి స్వరాలు వినగానే నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. మనిద్దరం ఎక్కడెక్కడో కూర్చుని ఒకే డబ్బాలో చెయ్యి పెట్టి, ఒకే ముక్క పట్టుకుని, నాదే అనుకున్నాం. నీకు నిజం రాస్తే నాది కూడా రాయాలి. అందుకే "బాగుంది" అని రాశాను. భయమేసి.

నువ్వడిగావు కదా ఏది నయమని. నాదే అధ్వాన్నం.

ప్రదర్శనకి రెండు వారాలే ఉంది. ఏం చేస్తావు?

తమ్ముడు


ఇల్లు,
సెప్టెంబరు 9

పీచూ,

నీ ఉత్తరం చింపేశాను. ముక్కలు మళ్ళీ అతికించాను, రెండోసారి చదవాల్సొచ్చి. ఆ జిగురు ఖర్చు నీదే.

ఏం చేస్తావని అడిగావు. పదకొండోది తెరిచాను. నాకు విసుగొస్తుందని రాశావే, అందుకే తెరిచాను. బొమ్మల్లేవు, పేర్లు లేవు. తెరవగానే జుయ్యిమని ఒకే ఒక శబ్దం, ట్యూబులైటు ఆరబోయే ముందు చేసినట్టు. పక్కన తయారుచేసినాయన రాసిన రెండు ముక్కలు: నా అవసరానికి చేసుకున్నాను, మీకూ పనికొస్తే సంతోషం. ఎవరో ఏమిటో. ఆయన నాకేమీ అల్లి పెట్టలేదు. ఆ ఒక్కదానికీ దణ్ణం పెట్టాను.

పది పొద్దులు మౌసుతో బిళ్ళలు తిప్పుతూ ఆ జుయ్యిమనేదాని మీదే కూర్చున్నాను. ఒక బిళ్ళ మొత్తం మూసేస్తే గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టుంటుంది. కొంచెం తెరిస్తే మాట వినపడబోతున్నట్టుంటుంది, వినపడదు. రెండు స్వరాలు దగ్గర దగ్గరగా పెడితే ఒకదాన్నొకటి గీరుకుంటాయి. నా ఒంట్లో ఉన్నదంతా అక్కడ పెట్టాను. నీ మీదది, నా మీదది, ఆ హాల్లో పక్కకి తిరిగిన పదిహేను మొహాల మీదది. సేవ్ చేస్తుంటే పేరడిగింది. "కోపం" అని కొట్టాను.

దర్శకుడు విని, "ఇందులో బాణీ ఏదమ్మా?" అన్నాడు.

"తీర్పు కోసం కూర్చున్న మనిషికి బాణీ ఎక్కడ వినిపిస్తుందండీ?"

"జనం భరించాలి కదా?"

"ఆవిడ భరిస్తోందిగా" అన్నాను. గట్టిగానే అన్నాను. "సరే, ఒక్క ప్రదర్శన చూద్దాం" అన్నాడు.

మొన్న శనివారం వేశాం. కుడిచేత్తో మీట, ఎడమచేత్తో మౌసు. మొదటి రెండు నిమిషాలూ జనం దగ్గారు, కుర్చీలు కిర్రుమన్నాయి. ఒకాయన లేచి బయటికెళ్ళాడు. నేను మీట వదల్లేదు. నాలుగో నిమిషానికి దగ్గులు ఆగాయి. వెళ్ళినాయన తిరిగొచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. గుమాస్తా పేరు పిలిచేచోట ఆపేశాను. శబ్దం ఆగగానే హాలు మొత్తం ఒక్కసారి ఊపిరి వదలడం విన్నాను. ఇరవై ఏళ్ళలో నేను వినని చప్పుడు అది.

లైట్ల ఆయన దీపం ఆర్పడం మర్చిపోయాడు. నటి ఇంకో అర నిమిషం అలాగే బెంచీ మీద కూర్చోవాల్సొచ్చింది. వచ్చి నన్ను తిట్టింది. హాయిగా అనిపించింది.

ఆ రోజు వాయించిందంతా రికార్డు చేశాను, ఆ ఫైలు పంపుతున్నాను. విను. ఈసారి "బాగుంది" అని రాశావో, చంపుతాను.

అక్క


స్టూడియో, సామాన్ల గది,
సెప్టెంబరు 16

అక్కా,

బాగుంది అని రాయను. వింటుంటే దవడ బిగుసుకుపోయింది. తీసేద్దామనుకుని తీయలేకపోయాను. రెండు స్వరాలూ కలుస్తాయేమో కలుస్తాయేమో అని ఎదురు చూశాను. కలవనివ్వలేదు నువ్వు. ఐదో నిమిషంలో మౌసుతో బిళ్ళ ఒక్కసారిగా తిప్పేశావు, అక్కడ తెగింది. దాన్ని మెల్లగా తిప్పాలి, మీట మీద చెయ్యి మారుస్తూ తిప్పడం ఒక్కరివల్ల కాదు. అదొక్కటే తప్పు. నిజం రాయమన్నావు, రాశాను.

వింటుండగా యజమాని వెనక నిలబడ్డాడు, నేను చూడలేదు. "ఇదేదో భలేగా ఉందే, తాళాల కంపెనీవాళ్ళ ప్రకటనకి సరిపోతుంది, పెట్టెయ్" అన్నాడు.

"ఇది మా అక్కదండీ."

"ఆ ఫ్రీ వాటిలోదేగా?"

"ప్లగిన్ ఫ్రీ అండీ. ఈ శబ్దం కాదు."

"నొక్కితే వచ్చేదానికి అక్కలేమిటి, తమ్ముళ్ళేమిటయ్యా" అన్నాడు. నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. "నొక్కితే వచ్చేది రంగుల ప్రకటనలో పెట్టాను, వెళ్ళి వినండి. ఇది నొక్కితే రాదు" అన్నాను. గట్టిగానే అన్నాను. మన ఇంటి గొంతే కదా. బయట కూర్చున్న కంపెనీవాళ్ళకి కూడా వినపడిందట.

అందుకే ఈ ఉత్తరం సామాన్ల గది నుంచి. పాత టేపులకి చీటీలు అంటించమన్నాడు. రెండు వందల పైన ఉన్నాయి. ఎన్నాళ్ళుంచుతాడో తెలీదు. బాధగా మాత్రం లేదు.

మళ్ళీ ఎప్పుడు వేస్తున్నారు? చూడొచ్చా?

తమ్ముడు


ఇల్లు,
సెప్టెంబరు 20

ఒరేయ్ పీచూ,

చూడటానికైతే రానక్కర్లేదు. చూడటానికి జనమున్నారు.

ఐదో నిమిషంలో తెగిందని నాకూ తెలుసు. దర్శకుడికి తెలీలేదు, నటికి తెలీలేదు, లైట్ల ఆయనకీ తెలీలేదు. నీకు తెలిసింది. మౌసు దగ్గర రెండో కుర్చీ వేయించాను. మెల్లగా తిప్పాలంటున్నావుగా, నువ్వే తిప్పు. నేను మీటలు చూసుకుంటాను.

వచ్చే శనివారం, మధ్యాహ్నం రెండింటికి హాల్లో రిహార్సలు. మనం ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడానికి ఓ గంట పడుతుంది కాబట్టి ఒంటిగంటకే రా.

అక్క